ఎఫ్1 పలుకుతుంది, ఎఫ్5 పలకదు: పుట్టీని తిట్టే ముందు చూడవలసినవి

పుట్టీతో (దూరంలోని సర్వర్‌కు టెర్మినల్ కిటికీ తెరిచే ప్రోగ్రాము) సర్వర్‌లోకి వెళ్తారు, పాత స్టోర్స్ ప్రోగ్రాములో ఫంక్షన్ మీటలు పనిచేయవు. వెంటనే కీబోర్డు సెట్టింగులన్నీ వరుసగా మార్చి చూస్తారు. దయచేసి ముందు ఎకో $టెర్మ్ అని కొట్టి, ఏ పేరు వస్తుందో చూడండి; టెర్మ్ అంటే మీది ఏ రకం టెర్మినలో సర్వర్‌కు చెప్పే విలువ. రెండు సెకన్ల పని. ఇది చూడకుండా నా దగ్గరికి వచ్చినవారిని లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను.

పుట్టీ ఎక్స్‌టెర్మ్ అనే టెర్మినల్ ప్రోగ్రాము వేషం కడుతుంది. ఆ ఎక్స్‌టెర్మ్ కూడా డెక్ సంస్థ 1978లో తెచ్చిన వీటీ100 టెర్మినల్ వంశంలోదే. సర్వర్‌కు మీ తెర కనబడదు. టెర్మ్‌లో ఉన్న పేరును నమ్మి, టెర్మ్‌ఇన్ఫో అనే టెర్మినల్ వివరాల పట్టికలో ఆ పేరు కింద ఏ మీటకు ఏ సంకేతమో చూసుకుంటుంది. వేషం కృష్ణుడిది, పద్యం దుర్యోధనుడిది అయితే నాటకం నడవదు.

ఎఫ్1 నుంచి ఎఫ్4 మాత్రమే పలకవు

ఇది పుట్టీ వైపు లోపం. మార్పులు చేయని పుట్టీలో ఎఫ్1 నొక్కితే ^[[11~ వెళ్తుంది (^[ అంటే ఎస్కేప్), ఎక్స్‌టెర్మ్ పేరు కింద ఉన్నది ^[ఓపీ. వీటీ100 మీద ఉన్న నాలుగు పీఎఫ్ మీటల సంకేతాలే వీటికి వచ్చాయి, అందుకే తేడా సరిగ్గా నాలుగింటికే. పుట్టీ సెట్టింగుల కీబోర్డు పేజీలో ఎక్స్‌టెర్మ్ ఆర్6 ఎంచుకోండి. షెల్‌లో (ఆదేశాలు కొట్టే చోట) కంట్రోల్+వి నొక్కి, ఆ తర్వాత ఎఫ్1 నొక్కితే ఏం వెళ్తోందో కళ్లకే కనబడుతుంది. సెషన్ సేవ్ చేయడం మరవకండి.

ఆ నాలుగూ బాగున్నాయి, ఎఫ్5 నుంచి ఏదీ పలకదు, రంగులూ లేవు

నన్ను సగం రోజు తిప్పలు పెట్టింది ఇదే. పుట్టీలో టెర్మినల్ పేరు ఎన్నిసార్లు మార్చి మళ్లీ లాగిన్ అయినా ఎకో $టెర్మ్ మాత్రం వీటీ100 అనే చెప్పింది. మార్చినా మారకపోవడమే అసలు ఆనవాలు, నేను దాన్ని పట్టించుకోలేదు. పుట్టీ పంపిన పేరును లాగిన్ అయ్యాక సర్వర్‌లోనే ఎవరో తుడిచేస్తున్నారన్నమాట.

హోమ్ డైరెక్టరీలో, షెల్ మొదలైనప్పుడు నడిచే .ప్రొఫైల్, .బ్యాష్‌ఆర్‌సీ రెండూ వెతికాను, ఏమీ లేదు. చివరికి /ఈటీసీ/ప్రొఫైల్.డి లో ఒక చిన్న ఫైలు, అందులో ఒకే ఒక్క వరుస: ఎక్స్‌పోర్ట్ టెర్మ్=వీటీ100. సీరియల్ కన్సోల్ కోసం ఎవరో ఎప్పుడో రాసి వదిలేసినది. వీటీ100కు అసలు ఎఫ్5 మీటే లేదు. ఆ పేరు కింద ఎఫ్5కు కీప్యాడ్ సంకేతం రాసి ఉంటుంది, పుట్టీ పంపేదేమో ^[[15~. రంగుల ఊసూ అక్కడ ఉండదు.

నిర్ధారణకు ప్రోగ్రాము పేరు ముందు టెర్మ్=ఎక్స్‌టెర్మ్ అని చేర్చి ఒక్కసారి నడపండి. మీటలు పలికితే దొంగ దొరికినట్లే. తర్వాత ఫైళ్లలో వెతికే గ్రెప్ ఆదేశంతో ఆ వరుసను పట్టి తీసేయండి. సీరియల్ లైనుకు నిజంగా అవసరమైతే, టెర్మ్ విలువ డంబ్ అనో అన్‌నోన్ అనో ఉన్నప్పుడే అమలయ్యేలా షరతు పెట్టండి. అదే వరుస .బ్యాష్‌ఆర్‌సీలో ఉంటే ఇంకా ప్రమాదం: స్క్రీన్, టీమక్స్ (ఒకే లాగిన్‌లో అనేక షెల్‌లు నడిపే ప్రోగ్రాములు) లోపల తెరిచే ప్రతి షెల్‌లోనూ అవి పెట్టుకున్న పేరును చెరిపేస్తుంది.

మిగతావి

బ్యాక్‌స్పేస్ నొక్కితే ^హెచ్ లేదా ^? పడుతుంటే, పుట్టీ పంపేది 8వ సంకేతమా 127వదా చూసి, ఎస్‌టీటీవై ఆదేశం చూపే ఎరేజ్ విలువతో కలపండి. గీతల బదులు క్యూలు, ఎక్స్‌లు వరుసకడితే అది అక్షర సమితి గొడవ: యూటీఎఫ్-8లోనూ వీటీ100 గీతలు గీయమనే ఐచ్ఛికం పుట్టీ ట్రాన్స్‌లేషన్ పేజీలో ఉంది. సర్వర్ ఆ టెర్మినల్ పేరే తెలియదంటే, ఆ పేరు తెలిసిన మరో యంత్రంలో ఇన్ఫోసీఎంపీ ఆదేశం ఇచ్చిన టెర్మ్‌ఇన్ఫో పాఠాన్ని అక్కడ టిక్ ఆదేశంతో ఎక్కించండి. నమ్‌లాక్ వల్ల వచ్చే చిక్కులు నేను చూసింది రెండుసార్లే, అక్కడి దాకా వెళ్లే పని పడకపోవచ్చు.