క్యూరింగ్ సాల్ట్ చెంచాతో కొలవొద్దు

ఇంట్లో బేకన్, హామ్ లాంటివి చేసుకునేవాళ్లు మాంసం చెడిపోకుండా పట్టించే క్యూరింగ్ సాల్ట్‌ని దయచేసి చెంచాలతో కొలవకండి. ఇందులో రెండు రకాలు: ఒకటో నంబరు రకంలో 6.25 శాతం సోడియం నైట్రైట్, మిగతాదంతా మామూలు ఉప్పే. కిలో మాంసానికి 2.5 గ్రాములు చాలు. రుచికి వేసే ఉప్పు, సుమారు 20 గ్రాములు, వేరే. వంటింటి త్రాసు గ్రాము అటూ ఇటూ చూపిస్తుంది, ఇక్కడ ఆ గ్రామే కొంప ముంచుతుంది. 0.1 గ్రాము దాకా చూపే చిన్న త్రాసు కొనుక్కోండి. నైట్రైట్ మోతాదు మించితే రక్తం ఆక్సిజన్ మోయలేదు, ప్రాణం మీదికి వస్తుంది. మరీ తగ్గితే ప్రాణాంతక ఆహార విషం, బొటులిజం తెచ్చే క్రిమికి దారి ఇచ్చినట్టే.

పొరపాటున కూరలో వేయకుండా దీనికి గులాబీ రంగు కలుపుతారు. కానీ మనింట్లో సైంధవ లవణమూ అదే రంగు! రెండూ పక్కపక్కన పెట్టొద్దు. డబ్బా మీద పెద్దక్షరాలతో రాసి, పిల్లలకు అందని చోట దాచండి. రెండో నంబరులో నైట్రేట్ కూడా ఉంటుంది. అది నెలల తరబడి ఆరబెట్టే సలామీ అనే సాసేజ్‌కి, వేయించుకునే బేకన్‌కి కాదు.

మన ఒట్టి తునకలకి ఇవేవీ అక్కర్లేదు. సన్నగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, విరిస్తే పుటుక్కుమనేదాకా మంచి ఎండలో పెట్టండి. వండేటప్పుడు మాత్రం బాగా ఉడికించండి.