ఒక్క కంప్యూటరుతో గోదావరి పాఠం

మా కోనసీమలో గాలివాన వస్తే ముందు కరెంటు పోతుంది, వెనకాలే నెట్. అందుకే క్లాసులో ఈ పాఠం చెప్పే మేష్టార్లు గూగుల్ ఎర్త్ (భూమిని పైనుంచి చూపించే ప్రోగ్రాం) బొమ్మలు ఊళ్ల పేర్లు కనబడేలా, పెద్ద సైజులో ముందురోజే సేవ్ చేసుకోండి.

ధవళేశ్వరం దగ్గర మొదలుపెట్టండి. ఆనకట్ట దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలడం పైనుంచి చక్కగా కనిపిస్తుంది. మౌస్ మీరు పట్టుకోవద్దు. ఒక పిల్లకిచ్చి, వశిష్ఠ వెంట అంతర్వేదిలో సముద్రం తగిలేదాకా బొమ్మ జరపమనండి. మిగతావాళ్లు దారిలో ఊళ్లు రాసుకోవాలి. "మేష్టారూ, మా ఊరేదండీ?" అని గోల మొదలవుతుంది. కానివ్వండి, పాఠం ఎక్కేది అప్పుడే.

వీడియోలంటారా, అయిదు నిమిషాలు చాలు. ఆపైన వెనక బెంచీ కబుర్లే.

వానాకాలంలో సీపీయూకి గుడ్డ కప్పి నెలలకొద్దీ వదిలేయకండి, చెమ్మ పట్టేస్తుంది. పాఠం లేకపోయినా అప్పుడప్పుడు కాసేపు ఆన్ చేసి ఉంచండి.