నలుగురు హీరోలున్న ‘కర్స్ ఆఫ్ ది మూన్’ ఎలా ఆడాలి?

విజయవాడలో గుంటూరు పాసింజర్ ఎక్కి కృష్ణా వంతెన దాటేలోపు చేతిలో పట్టుకుని ఆడుకునే నింటెండో స్విచ్ బయటికి తీస్తాను. ‘బ్లడ్‌స్టెయిన్డ్: కర్స్ ఆఫ్ ది మూన్’ నాకు పట్టుబడింది ఆ దారిలోనే. ‘ఇంటి క్రియేట్స్’ అనే జపాన్ కంపెనీ 2018లో తెచ్చిన వీడియో గేమ్ ఇది. మొత్తం ఎనిమిది స్టేజీలు. స్టేషన్ వచ్చేస్తే పవర్ బటన్ నొక్కండి చాలు, మళ్లీ అక్కడి నుంచే ఆడుకోవచ్చు.

ముందు తేలిక స్థాయి ‘క్యాజువల్’ ఎంచుకోండి. లైఫులు అయిపోవు, దెబ్బ తగిలినా వెనక్కి ఎగిరి గోతిలో పడరు. కష్టమైన స్థాయి ‘వెటరన్’ సంగతి ఆట ఒకసారి పూర్తయ్యాక చూసుకోవచ్చు.

మొదట మీ దగ్గర ఉండేది కత్తి పట్టిన జాంగెట్సు ఒక్కడే. తర్వాత మిరియమ్, ఆల్ఫ్రెడ్, గెబెల్ ఒక్కొక్కరుగా కనిపిస్తారు. తొందరపడి కత్తి దూయకండి! వాళ్లను చంపితే జాంగెట్సుకు కొత్త విద్యలొస్తాయి నిజమే, కానీ జట్టు పోతుంది. మొదటిసారి అందరినీ చేర్చుకోవడమే మంచిది.

ఇక అసలు విషయం. ఎల్, ఆర్ బటన్లతో ఎప్పుడైనా మనిషిని మార్చొచ్చు. ఎవరి ప్రాణం వాళ్లదే, ఒకరి ప్రాణం చూపే గీత తగ్గితే మిగతావాళ్లది తగ్గదు. అందుకని దెబ్బలు తినాల్సిన చోట జాంగెట్సును ముందు పెట్టండి. ఎత్తుకు ఎగరాలన్నా, ఇరుకు సందులో జారాలన్నా మిరియమ్. పైనున్న శత్రువులకు గెబెల్, అతని గబ్బిలాలు ఏటవాలుగా పైకి వెళ్తాయి. ఆల్ఫ్రెడ్ ముసలాయన, రెండు దెబ్బలకే సగమైపోతాడు. మంత్రం వేయించి వెంటనే వెనక్కి పిలవండి. దెబ్బ తగిలాక మారిస్తే లాభం లేదు, ప్రమాదం కనబడగానే మార్చాలి.

మా బాబాయి కొడుకు గెబెల్‌ను గబ్బిలం చేసి పెద్ద గొయ్యి మీదుగా ఎగిరాడు. మధ్యలో, అలా ఎగరడానికి ఖర్చయ్యే వెపన్ పాయింట్లు సున్నా అయ్యాయి, గెబెల్ మళ్లీ మనిషై లోపలికి పోయాడు. “ఇంకా ముగ్గురున్నారుగా అన్నా!” అన్నాడు వాడు. ఉన్నారు, చెక్‌పాయింట్ నుంచి, అంటే చచ్చాక ఆట మళ్లీ మొదలయ్యే చోటు నుంచి, ముగ్గురితోనే మొదలైంది. కానీ ఆ గొయ్యి దాటి పై దారి అందుకోగలిగినవాడు గెబెలే కదా! మేం మంగళగిరి దాకా కింది దారిలోనే తంటాలు పడ్డాం. ఎగిరే ముందు పాయింట్లు ఎన్నున్నాయో ఒకసారి చూసుకోండి. దీపాలు పగలగొడితే పాయింట్లు దొరుకుతాయి.

పై దారులు వదలొద్దు. ప్రాణం, వెపన్ పాయింట్లు, దాడి, రక్షణ పెంచే అప్‌గ్రేడ్‌లు ఎక్కువగా ఒక్క హీరోకే అందే మూలల్లో దాచిపెట్టారు. ఒకసారి తీసుకుంటే అవి చివరిదాకా ఉంటాయి.

స్టేజీ చివర వచ్చే పెద్ద శత్రువు, అంటే బాస్, ప్రాణం గీత ఖాళీ అవగానే చేతులు వదిలేయకండి. చస్తూ కూడా ఆఖరి దెబ్బ ఒకటి కొడతాడు. ప్రాణం బాగా మిగిలిన మనిషిని ఆ క్షణానికి ముందే తెచ్చి నిలబెట్టండి.