చెట్టు చదువు – మూడో పాఠం: పండు లేనప్పుడు నేరేడు

జూలైలో తిరుపతి తోపుడు బండ్ల మీద నల్లగా నిగనిగలాడే పండును చూపిస్తే నేరేడని ఎవరైనా చెప్తారు. మిగతా నెలల్లో ఆ చెట్టు నీడలోనే బస్సు కోసం నిలబడి, పైన ఉన్నదేమిటో తెలియనివాళ్లే ఎక్కువ.

పోయిన పాఠంలో బెరడు చూశాం. ఈసారి ఆకు. నేరేడు ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది, వేపలా ఒక్కసారిగా ఆకు రాల్చి బోడిగా నిలబడదు. కొమ్మకు ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. మన చిత్తూరు వైపు తికమకపెట్టే మామిడికి అలా ఉండవు, కొమ్మ చివర గుత్తిగా చేరతాయి.

అసలు గుర్తు వెలుతురులో కనిపిస్తుంది. ఆకును ఎండకు ఎత్తి పట్టుకోండి. నడిమి ఈనె నుంచి సన్నటి ఈనెలు ఒత్తుగా బయలుదేరి, అంచుకు కాస్త లోపలే చుట్టూ పోయే మరో ఈనెలో కలిసిపోతాయి. సూది మొనంత చుక్కలు కనిపిస్తే అవి నూనె తిత్తులు. నలిపితే ఘాటు వాసన వచ్చేది వాటివల్లే. ఈ చుక్కలు జామకూ, యూకలిప్టస్‌కూ ఉంటాయి, ఒకే కుటుంబం కదా! కానీ ముదురు యూకలిప్టస్ ఆకు కొడవలిలా వంగి వేలాడుతుంది. జామ బెరడు పొరలుగా ఊడి నున్నగా ఉంటుంది.

శేషాచలం కొండల్లో దీని దగ్గరి చుట్టం మొగి ఉంది. ఆకు వెడల్పు, మందం; జంటలుగా కాక ఒకటి విడిచి ఒకటి వస్తుంది. అంతరించే ప్రమాదమున్న చెట్టు, కాబట్టి చూడండి, తెంపకండి.

ఇక నాటడం. నేరేడు గింజను డబ్బాలో దాచి వచ్చే ఏడాది నాటుదామనుకుంటే కుదరదు. ఎండితే చచ్చిపోతుంది. పండు తిన్న గింజను కడిగి, నీడలో తడి ఆరనిచ్చి, రెండు వారాల్లోపు నాటేయాలి. తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి పొడవాటి కవరు కావాలి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు చాలు. రెండు మూడు సెంటీమీటర్ల లోతు పెట్టి, మట్టి తడిగా ఉంచండి, నీళ్లు మాత్రం నిలవకూడదు.

ఒక్క గింజకు రెండు మూడు మొలకలొస్తే ఆశ్చర్యపోకండి, ఇది దాని స్వభావం. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. బలమైనది ఉంచి మిగతావి కత్తెరతో మొదలంటా కత్తిరించండి. గింజ మొక్క కాపుకు ఎనిమిది, పదేళ్లు పడుతుంది. ఆ టెన్షన్ వద్దనుకునేవాళ్లు అంటు మొక్క కొనుక్కోవచ్చు. నా మొగ్గు గింజకే, నీడ కూడా కావాలి కదా.

అక్టోబరు వానలు చూసి ఈ పసిమొక్కను నేలలో పెట్టేయొద్దు. గొయ్యి ఎప్పుడు, ఎంత తవ్వాలో నాలుగో పాఠంలో చూద్దాం. అప్పటిదాకా మీ వీధిలో ఐదు రకాల ఆకులు ఎండకు ఎత్తి, అంచు ఈనె ఎన్నింటికి ఉందో రాసుకోండి.