ఎండుమిర్చి నుంచి యాంటీఆక్సిడెంట్లు తీయడానికి ఏ ద్రావణి వాడాలి?

నెల్లూరు చేపల పులుసు మర్నాటికి తేరుకున్నాక గిన్నెలో పైన ఎర్రటి నూనె నిలుస్తుంది. గరిటెతో దాన్ని పక్కకు జరిపితే అడుగున చింతపండు రంగే ఎక్కువ. మిరపకు ఎరుపునిచ్చే క్యాప్సాంథిన్ నూనెలో కరుగుతుంది, నీటిలో కరగదు. ప్రయోగశాలలోనూ ఇంతే. ఏ ద్రావణి పోస్తే దానికి నచ్చినవే బయటికి వస్తాయి. ఒక్క ద్రావణితో సారం తీసి ‘మిరపలో ఇంతే ఉంది’ అని తేల్చేసిన ప్రాజెక్టులను ఒంగోలులో ఏళ్లుగా దిద్దుతున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఒంగోలుకు పడమటి మండలాల్లో పండిన మిరపకాయలు తెచ్చి, తొడిమలు తీసి, నీడన ఆరబెట్టి మీరే పొడి చేసుకోండి. అంగడి కారం వద్దు. అందులో సూడాన్ లాంటి కృత్రిమ రంగు కలిసి ఉంటే అదీ అసిటోన్‌లోకి దిగిపోతుంది.

మూడు సీసాల్లో 5 గ్రాముల చొప్పున పొడి వేసి, 50 మి.లీ. చొప్పున నీరు, 70 శాతం ఇథనాల్, అసిటోన్ పోయండి. మూతలు బిగించి, చీకట్లో 24 గంటలు ఉంచి, మధ్యమధ్యలో కుదిపి వడకట్టండి. దగ్గరలో మంట ఉండకూడదు. 95 శాతం ఇథనాల్ 74 మి.లీ. తీసుకుని 100 మి.లీ. గీత వరకు నీరు పోస్తే 70 శాతం అవుతుంది. ఇథనాల్‌లో నీరు ఉండటం లోపం కాదు. నీరు పొడిని ఉబ్బిస్తే ఇథనాల్ ఫినాలిక్ పదార్థాలను (మొక్కల్లో ఉండే ఒక రకం యాంటీఆక్సిడెంట్లను) లాగుతుంది. సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో గంటల తరబడి మరిగించడాన్ని నేను ఒప్పుకోను. ఆ వేడికి ఓర్చుకోలేనివి సారంలో మిగలవు.

ఇక అందరూ తప్పు చేసే చోటుకు వద్దాం. యాంటీఆక్సిడెంట్లను పరీక్షించడానికి వాడే డీపీపీహెచ్ అనే రసాయనం 4 మి.గ్రా.ను 100 మి.లీ. మిథనాల్‌లో కరిగిస్తే ముదురు ఊదా రంగు వస్తుంది. ఈ ద్రావణం 3 మి.లీ.లో సారం 0.1 మి.లీ. కలిపి, అరగంట చీకట్లో ఉంచి 517 నానోమీటర్ల కాంతిని అది ఎంత పీలుస్తుందో స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూస్తాం. యాంటీఆక్సిడెంట్ ఉంటే ఊదా తగ్గి పసుపు పచ్చగా మారుతుంది. కానీ మిరప ఎరుపు కూడా అదే చోట కాంతిని పీలుస్తుంది! ఊదా తగ్గినా ఎరుపు ఆ స్థానంలో నిలబడి రీడింగును పెంచేస్తుంది.

అందువల్ల ప్రతి సారానికీ దాని సొంత బ్లాంక్ పెట్టాలి. డీపీపీహెచ్ లేని మిథనాల్ 3 మి.లీ.లో అదే సారం 0.1 మి.లీ. కలిపి చదవండి. ఆ విలువను పరీక్ష రీడింగు నుంచి తీసేయండి. పోలిక కోసం పెట్టే డీపీపీహెచ్ ద్రావణంలో, అంటే కంట్రోల్‌లో, సారం బదులు ఆ సారం తీసిన ద్రావణినే 0.1 మి.లీ. వేయాలి. మూడింటికీ ఒకే కంట్రోల్ పెట్టి సరిపుచ్చకూడదు.

ఉదాహరణకు కంట్రోల్ 0.90, అసిటోన్ సారం 0.60 అనుకోండి. నేరుగా లెక్కిస్తే ఊదా తగ్గింది 33 శాతమే. దాని బ్లాంక్ 0.25 తీసేస్తే 0.35 మిగులుతుంది, అప్పుడు 61 శాతం! బ్లాంక్ మరిచిన విద్యార్థి ఒకరు అసిటోన్ పనికిరాదని రాసుకొచ్చారు. రీడింగు తీసే చిన్న పాత్రను (క్యువెట్‌ను) వెలుతురుకు పట్టి చూపించాను: ఊదా ఎక్కడా లేదు, నారింజ రంగు మాత్రమే మెరుస్తోంది. ఆయన అప్పటికప్పుడు బ్లాంక్ పెట్టి మళ్లీ చదివారు.

ఈ మూడు సారాల ఫలితాలను ఒక్క అంకెగా కలపకండి. అసిటోన్‌లోకి రంగు పదార్థాలు ఎక్కువగా దిగుతాయి, ఇథనాల్‌లోకి ఫినాలిక్‌లు. కారాన్నిచ్చే క్యాప్సైసిన్ ఈ రెండింటిలోకీ దిగుతుంది, నీటిలోకి అంతగా దిగదు. డీపీపీహెచ్ ఏ రోజుకారోజు కొత్తగా కలపండి. సారాలను రేకు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, కానీ వంటింటి ఫ్రిజ్‌లో మాత్రం వద్దు.