ఊరికి దూరంగా గోల్ఫ్ ఆడబోతున్నారా?

ప్రయాణంలో కొండల మధ్యో, పొలాల పక్కనో ఉన్న గోల్ఫ్ కోర్సులో ఆడే వీలు దొరికితే మొత్తం కిట్ మోసుకెళ్లకండి. 14 క్లబ్బుల (బంతి కొట్టే కర్రల) వరకు ఉండొచ్చని నియమం, అన్నీ ఉండాలని కాదు. బంతిని హోల్‌లోకి దొర్లించే పుటర్, దగ్గరి నుంచి ఎత్తుగా లేపే ఒక వెడ్జ్, మధ్య దూరాలకు మూడు నాలుగు ఐరన్లు, ఎక్కువ దూరానికి ఒక హైబ్రిడ్ చాలు. బూట్లు, గ్లవ్ మాత్రం సొంతవి ఉండాలి. అద్దె క్లబ్బులతో సర్దుకోవచ్చు గానీ, అద్దె బూట్లతో పద్దెనిమిది హోల్స్ నడవడం నరకం.

స్కోర్‌కార్డు మీద స్లోప్ రేటింగ్ (మామూలు ఆటగాడికి కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) ఉంటే చూడండి. 113 ప్రామాణికం. 130 దాటిందంటే మామూలు ఆటగాడికి కష్టమే, మొహమాటపడకుండా హోల్‌కి దగ్గరగా ఉండే టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి ఆడండి. కార్డు వెనక లోకల్ రూల్స్ ఉంటాయి, అవీ ఒకసారి చదవండి. కంచెలు, కాలవలు, పశువులు తిరిగే చోట్ల గురించి అక్కడే రాస్తారు.

ఇలాంటి చోట గడ్డి ఏపుగా పెరిగి ఉంటుంది. బంతి అందులోకి పోయిందనిపిస్తే ముందుకు కదలకముందే, "ప్రొవిజనల్" (మొదటిది దొరక్కపోతే దాని బదులు ఆడే బంతి) అని చెప్పి ఇంకో బంతి కొట్టండి. 2019 నుంచి వెతకడానికి మూడు నిమిషాలే గడువు. పాత బంతులు నాలుగైదు ఎక్కువే పెట్టుకోండి.

ఎత్తైన ప్రాంతమైతే గాలి పలచన, బంతి ఎక్కువ దూరం పోతుంది. మామూలుగా తక్కువ దూరం కొట్టే క్లబ్ తీయండి. కొండవాలు గ్రీన్ (హోల్ చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) మీద కంటిని నమ్మొద్దు, దాదాపు చదునుగా కనిపించేదీ వాలుగానే ఉంటుంది. సాయంత్రం ఫీజు తగ్గిస్తారేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.