పారిస్ బిస్ట్రోలో వారాంతపు భోజనం, తాపీగా

మరమ్మతులు చేసి కొత్తగా తెరిచిన బిస్ట్రో (చిన్న ఫ్రెంచ్ భోజనశాల) అయితే ముందు ఫోన్ చేసి వేళలు కనుక్కోండి. మ్యాపుల్లో పాతవే ఉండిపోతుంటాయి. ఆదివారం మూసేసేవి చాలానే ఉంటాయి కాబట్టి శనివారం మేలు. వంటగది సాధారణంగా 12 నుంచి 2 దాకా, మహా అయితే 2:30 దాకా. మన అలవాటు ప్రకారం రెండింటికి బయల్దేరితే కాఫీయే గతి. 12:30కి టేబుల్ చెప్పుకోండి. కొత్తగా టైల్స్, అద్దాలు వేసిన హాల్లో మాటలు మార్మోగుతాయి, గోడవార మెత్తటి బెంచీ అడగండి.

బయట మెనూ పలక మీది ధరల్లో పన్నులూ సర్వీసూ కలిసే ఉంటాయి. టిప్పు తప్పనిసరి కాదు, నచ్చితే ఒకటి రెండు యూరోల చిల్లర వదలొచ్చు. రెండు మూడు వంటకాలు కలిపి ఒకే ధరకిచ్చే ‘ఫార్ములా’ చాలాచోట్ల సోమవారం నుంచి శుక్రవారం వరకే. చిన్న అక్షరాలు చూడకుండా బిల్లు దగ్గర వాదిస్తే లాభం లేదు.

ఊరికే నీళ్లడిగితే సీసా తెచ్చి డబ్బులు వేయొచ్చు. ‘యూన్ కరాఫ్ దో’ అంటే కుళాయి నీళ్ల జగ్గు ఉచితం. రొట్టె కూడా ఉచితమే, కానీ రాగానే బుట్ట ఖాళీ చేయకండి. సాస్ అద్దుకోవడానికి రెండు ముక్కలు ఉంచుకోండి.

శాకాహారులకు అసలు చిక్కు ఉల్లిపాయ సూప్‌తో. పైన కరిగి గోధుమరంగు తేలిన చీజ్, దాని కింద నానిన రొట్టె, ఆ కింద ఉల్లిపాయలు. చూస్తే ఏ అనుమానమూ రాదు. ఆ పులుసు మాత్రం ఎక్కువగా గొడ్డుమాంసం ఉడికించిన నీళ్లతో చేసిందే. ఆకుల సలాడ్‌లోనూ పందిమాంసం చిన్న ముక్కలుండొచ్చు. ‘సాన్ వియాంద్, సాన్ ప్వాసోన్’, అంటే మాంసమూ చేపా వద్దని చెప్పి, ‘బుయ్యోన్’, అంటే సూప్‌కి వాడిన ఉడికించిన నీళ్లు, దేనిదో విడిగా అడగండి. ముక్కలు లేకపోతే చాలనుకునే సర్వర్లూ ఉంటారు. చల్లగా వడ్డించే లీక్ (ఉల్లికాడల్లాంటివి) కాడల వినెగ్రెట్, అంటే నూనె, వినెగర్ కలిపిన సాస్‌తో ఇచ్చేది, చాలావరకు నిశ్చింత. గుడ్డు తింటే మయోనైజ్ వేసిన ఉడికించిన గుడ్లు.

స్టేక్ (మందపాటి గొడ్డుమాంసం ముక్క) ‘ఆ ప్వాన్’, అంటే మధ్యస్థంగా కాల్చమన్నా లోపల ఎర్రగానే రావచ్చు, అది పడకపోతే ‘బియాన్ క్వీ’, అంటే బాగా కాల్చమని అనండి. టార్టార్ పచ్చి మాంసం. అండుయెట్ పంది పేగుల సాసేజ్, దాని వాసన అందరికీ పడదు. తొలిసారైతే సొంత కొవ్వులోనే నెమ్మదిగా మగ్గిన బాతు కాలు, ‘కాన్ఫీ’, మంచి ఎంపిక.

కాఫీ డెసర్ట్ తర్వాతే తెస్తారు. రెండూ కలిపి కావాలంటే ‘కఫే గూర్మాన్’ అడిగితే చిన్న చిన్న తీపి పదార్థాలతో వస్తుంది. బిల్లు అడగందే రాదు, మర్చిపోయారని చిరాకు పడకండి. అడగకుండా తెచ్చిపెడితే లేవమన్నట్టే. రైలు పట్టుకోవాల్సి ఉంటే పావుగంట ముందే ‘లాడిసియోన్, సిల్ వూ ప్లే’ అనండి.